బలాత్కృత సంవహనం: ప్రయోగశాలలో ఉష్ణ బదిలీ గుణకాన్ని కొలవడం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• సహజ సంవహనానికి, బలాత్కృత సంవహనానికి గల తేడాను వివరించగలుగుతారు.
• ఉష్ణ బదిలీ గుణకం అంటే ఏమిటో, దాన్ని ఏయే రాశులను కొలిచి కనుక్కుంటారో చెప్పగలుగుతారు.
• గొట్టంలో ప్రవహించే గాలితో చేసే ప్రయోగాన్ని సరైన క్రమంలో చేసి, రీడింగుల నుంచి ఫలితాన్ని గణించగలుగుతారు.
• మీ ఫలితం సూత్రం ఇచ్చే విలువతో కలవకపోతే, ఆ తేడాను ఎలా అర్థం చేసుకోవాలో తెలుసుకుంటారు.

1. పరిచయం

వేడి వేడి టీని సాసర్లో పోసి ఊదుకుని తాగడం మీకు తెలిసిందే. ఊదకపోయినా టీ చల్లారుతుంది, కాని ఆలస్యంగా. ఊదినప్పుడు టీ మీద ఉన్న వెచ్చని గాలి పక్కకు పోయి, దాని స్థానంలోకి చల్లని గాలి వస్తుంది. ఈ ఉదాహరణలో ఆవిరి కావడం వల్ల పోయే ఉష్ణం కూడా ఉంది. అందుచేత కేవలం సంవహనాన్ని చూడాలంటే తడిలేని ఉపరితలాన్ని తీసుకోవాలి. మోటారు సైకిల్ ఇంజనుకు ఉండే రెక్కలు ఇందుకు మంచి ఉదాహరణ. బండి నడుస్తున్నంతసేపు ఎదురుగాలి రెక్కల మధ్య నుంచి పోతూ ఇంజను వేడిని తీసుకుపోతుంది. సిగ్నల్ దగ్గర బండి ఆగి, ఇంజను మాత్రం తిరుగుతూ ఉంటే కాసేపట్లో కాళ్ళకు సెగ తగులుతుంది.

ద్రవం లేదా వాయువు తానే కదిలి ఉష్ణాన్ని మోసుకుపోయే ప్రక్రియను సంవహనం అంటారు. వేడెక్కిన ప్రవాహి సాంద్రత తగ్గి పైకి లేవడం వల్ల కలిగేది సహజ సంవహనం. ఫ్యాన్, పంపు, బ్లోయర్ వంటి బాహ్య సాధనం ప్రవాహిని కదిలిస్తే అది బలాత్కృత సంవహనం. ఆగిన బండి ఇంజను సహజ సంవహనంతోను, నడిచే బండి ఇంజను బలాత్కృత సంవహనంతోను చల్లబడతాయి. రెండు సందర్భాల్లోనూ కొంత ఉష్ణం వికిరణం ద్వారా కూడా పోతుంది.

సంవహనం ఎంత బలంగా జరుగుతోందో చూసి చెప్పలేము, కొలవాలి. ఆ కొలత ఎలా చేస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం. సంప్రదింపు తరగతుల్లో పరికరం దగ్గర మీకు దొరికే సమయం తక్కువ. కాబట్టి ప్రతి రీడింగు ఎందుకు తీసుకుంటున్నామో ముందే అర్థం చేసుకుని ప్రయోగశాలకు వెళ్ళడం అవసరం.

2. ఉష్ణ బదిలీ గుణకం

వేడి ఉపరితలం నుంచి ప్రవాహికి ఒక సెకనులో చేరే ఉష్ణం మూడు విషయాలపై ఆధారపడుతుంది: ఉపరితల వైశాల్యం, ఉపరితలానికీ ప్రవాహికీ మధ్య ఉష్ణోగ్రతా భేదం, ప్రవాహం తీరు. మొదటి రెండింటినీ నేరుగా కొలవగలం. మూడోదాన్ని ఒకే సంఖ్యలో ఇమిడ్చి ఉష్ణ బదిలీ గుణకం అంటాం.

ఉష్ణ ప్రవాహ రేటు = ఉష్ణ బదిలీ గుణకం × వైశాల్యం × ఉష్ణోగ్రతా భేదం

1701లో న్యూటన్ వస్తువులు చల్లారే తీరుపై ప్రచురించిన పరిశీలనల పేరు మీద దీన్ని న్యూటన్ శీతలీకరణ నియమం అంటారు. గుణకం ప్రమాణం చదరపు మీటరుకు, కెల్విన్‌కు ఇన్ని వాట్లు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇనుము ఉష్ణ వాహకత్వం ఇనుముకు చెందిన ధర్మం. ఉష్ణ బదిలీ గుణకం అలా గాలికి చెందిన ధర్మం కాదు. అదే గాలి, అదే గొట్టం, అయినా వేగం మారితే గుణకం మారుతుంది. అందువల్ల దాని విలువ చెప్పినప్పుడల్లా ఏ ప్రవాహ పరిస్థితిలో కొలిచామో కూడా చెప్పాలి.

ఉష్ణోగ్రతా భేదం దిశను నిర్ణయిస్తుంది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు ఉన్నప్పుడు 30 డిగ్రీల ఫ్యాన్ గాలి శరీరం నుంచి ఉష్ణాన్ని తీసుకుంటుంది. నడివేసవిలో గాలే 45 డిగ్రీలుంటే, సంవహనం ద్వారా ఉష్ణం గాలి నుంచి శరీరంలోకి వస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆవిరి కావడమే. గుణకం ఎంత పెద్దదైనా, ఉష్ణం ఎటు పోతుందో అది చెప్పదు.

3. మూడు మితిరహిత సంఖ్యలు

ఒక గొట్టంలో కొలిచిన ఫలితాన్ని మరో గొట్టానికి వర్తింపజేయాలంటే పరిమాణాలతో సంబంధం లేని సంఖ్యలు కావాలి.

రెనాల్డ్స్ సంఖ్య: ప్రవాహి జడత్వానికీ స్నిగ్ధతకూ గల నిష్పత్తిని తెలుపుతుంది. 1883లో ఆస్బర్న్ రెనాల్డ్స్ మాంచెస్టర్‌లో గాజు గొట్టంలోని నీటిలోకి రంగు ధారను వదిలి ప్రవాహ స్వభావాన్ని పరిశీలించాడు. గొట్టాల్లో ఈ సంఖ్య సుమారు 2,300 కంటే తక్కువైతే ప్రవాహం స్తరీయంగా ఉంటుంది. సుమారు 10,000 దాటితే పూర్తిగా సంక్షుబ్ధంగా ఉంటుంది. మధ్యలోది సంధి దశ.

నుస్సెల్ట్ సంఖ్య: గుణకాన్ని గొట్టం వ్యాసంతో గుణించి, ప్రవాహి ఉష్ణ వాహకత్వంతో భాగిస్తే వస్తుంది. నిశ్చలమైన పొర గుండా వహనం మాత్రమే జరిగినప్పటి కంటే సంవహనం ఎన్ని రెట్లు బలంగా ఉందో ఇది సూచిస్తుంది.

ప్రాంట్ల్ సంఖ్య: ప్రవాహిలో గతి, ఉష్ణం ఏ నిష్పత్తిలో వ్యాపిస్తాయో తెలుపుతుంది. గాలికి ఇది సుమారు 0.71.

కార్ల రేడియేటర్ గొట్టాలపై చేసిన అధ్యయనంలో భాగంగా 1930లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డిటస్, బోల్టర్ ప్రతిపాదించిన సంబంధం వారి పేరుతో స్థిరపడింది. ప్రవాహి వేడెక్కే సందర్భంలో దాన్ని నేడు ఇలా రాస్తారు:

నుస్సెల్ట్ సంఖ్య = 0.023 × (రెనాల్డ్స్ సంఖ్య)^0.8 × (ప్రాంట్ల్ సంఖ్య)^0.4

ఇది సిద్ధాంతం నుంచి పుట్టిన సూత్రం కాదు, ప్రయోగ ఫలితాలను ఒక గీతలోకి కూర్చిన సంబంధం. సంక్షుబ్ధ ప్రవాహానికి, పొడవు వ్యాసానికి కనీసం 10 రెట్లు ఉన్న గొట్టాలకు వాడతారు. ఆ పరిధిలో కూడా 25 శాతం వరకు తేడా రావచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, ఫలితాన్ని పోల్చేటప్పుడు అవసరమవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

1. కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన గదిలో వేడి ఇస్త్రీపెట్టె ఏ విధంగా చల్లారుతుంది?
2. ఉష్ణ బదిలీ గుణకాన్ని గాలి ధర్మం అని ఎందుకు అనరాదు?

4. పరికరం

బ్లోయర్ గాలిని ఒక గొట్టంలోకి తోస్తుంది. దారిలో కవాటం, దాని తరువాత ఆరిఫిస్ ప్లేటు ఉంటాయి. ఆరిఫిస్ ప్లేటు అంటే నడుమ కచ్చితమైన రంధ్రం ఉన్న లోహపు బిళ్ళ. రంధ్రం గుండా పోయేటప్పుడు గాలి పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలను నీటి మానోమీటరు చూపుతుంది.

ఆ తరువాతి భాగమే పరీక్షా గొట్టం. దానిచుట్టూ నైక్రోమ్ తీగ హీటరు, దానిపై గ్లాస్ వూల్ వంటి ఉష్ణ బంధకం ఉంటాయి. హీటరుకు ఇచ్చే వోల్టేజిని డిమ్మర్‌స్టాట్‌తో మారుస్తారు. వోల్ట్‌మీటరు, అమ్మీటరు విద్యుత్ సామర్థ్యాన్ని తెలుపుతాయి. గొట్టం గోడపై అయిదు చోట్ల, గాలి ప్రవేశించే చోట, బయటికి వచ్చే చోట ఉష్ణయుగ్మాలు అమర్చి ఉంటాయి.

బయటికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను కొలిచేటప్పుడు జాగ్రత్త అవసరం. గొట్టంలో గోడ పక్కన ఉన్న గాలి ఎక్కువ వేడిగా, నడుమ ఉన్న గాలి తక్కువ వేడిగా ఉంటుంది. ఉష్ణయుగ్మం కొన సరిగ్గా మధ్యలో ఉంటే అసలు సగటు కంటే తక్కువ చూపుతుంది. అందుకే మంచి పరికరాల్లో గాలి బాగా కలిసిన తరువాత కొలిచేలా ఏర్పాటు చేస్తారు.

5. ప్రయోగ విధానం

1. బ్లోయర్ ఆపి ఉన్నప్పుడు మానోమీటరు రెండు భుజాల్లోనూ నీరు ఒకే మట్టంలో ఉందో లేదో చూడండి. గాలి బుడగలుంటే తొలగించండి.
2. ముందు బ్లోయర్, ఆ తరువాతే హీటరు వేయండి. గాలి లేకుండా హీటరు వేస్తే గొట్టం, తీగ మితిమీరి వేడెక్కుతాయి.
3. కవాటంతో గాలిని, డిమ్మర్‌స్టాట్‌తో హీటరును ఒక విలువ వద్ద ఉంచి, ఇక వాటిని కదపకండి.
4. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రతలన్నీ రాసుకోండి. వరుసగా రెండు సార్లు విలువలు మారకపోతే స్థిరస్థితి వచ్చినట్లు. అంతకు ముందు హీటరు ఇచ్చే ఉష్ణంలో కొంత భాగం గొట్టాన్ని, బంధకాన్ని వేడెక్కించడానికే ఖర్చవుతుంది.
5. మానోమీటరును కంటికి సమాన ఎత్తులో ఉంచి, నీటి వంపు అడుగు భాగాన్ని రెండు భుజాల్లోనూ చదవండి.
6. మరో ప్రవాహ రేటుకు ఇదే క్రమాన్ని పాటించండి.
7. ముగించేటప్పుడు ముందు హీటరు ఆపి, గొట్టం చల్లారాక బ్లోయర్ ఆపండి.

6. మాదిరి గణన

కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం.

పరీక్షా గొట్టం లోపలి వ్యాసం: 28 మి.మీ.; వేడిచేసిన పొడవు: 400 మి.మీ.
ఆరిఫిస్ వ్యాసం: 14 మి.మీ.; దాని ఉత్సర్గ గుణకం: 0.64
మానోమీటరు భేదం: 100 మి.మీ. నీరు
వోల్టేజి: 75 వోల్టులు, కరెంటు: 0.80 ఆంపియర్లు
గాలి ప్రవేశ ఉష్ణోగ్రత: 34.0 డిగ్రీలు, నిర్గమ ఉష్ణోగ్రత: 45.0 డిగ్రీలు
గోడ ఉష్ణోగ్రతలు: 74, 78, 80, 82, 81 డిగ్రీలు

మెట్టు 1: గాలి ప్రవాహం. పీడన భేదం = 1000 × 9.81 × 0.100 = 981 పాస్కల్‌లు. ఆరిఫిస్ వద్ద గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.16 కి.గ్రా. తీసుకుంటే, వేగం = √(2 × 981 ÷ 1.16) = సెకనుకు 41.1 మీటర్లు. రంధ్రం వైశాల్యం 0.000154 చదరపు మీటర్లు. వీటిని ఉత్సర్గ గుణకంతోను, సాంద్రతతోను గుణిస్తే ద్రవ్యరాశి ప్రవాహ రేటు సెకనుకు 0.00470 కి.గ్రా. వస్తుంది.

మెట్టు 2: గాలి తీసుకున్న ఉష్ణం. గాలి విశిష్టోష్ణం కిలోగ్రాముకు, కెల్విన్‌కు 1005 జౌళ్ళు. కాబట్టి ఉష్ణ ప్రవాహ రేటు = 0.00470 × 1005 × 11.0 = 52.0 వాట్లు.

మెట్టు 3: హీటరు ఇచ్చిన సామర్థ్యం. 75 × 0.80 = 60 వాట్లు. తేడా 8 వాట్లు, అంటే దాదాపు 13 శాతం. ఇది బంధకం గుండా, గొట్టం చివరల గుండా బయటికి పోయిన ఉష్ణం.

మెట్టు 4: ఉష్ణోగ్రతా భేదం. గోడ సగటు 79.0 డిగ్రీలు. గాలి సగటు 39.5 డిగ్రీలు. భేదం 39.5 డిగ్రీలు.

మెట్టు 5: గుణకం. గొట్టం లోపలి వైశాల్యం = 3.1416 × 0.028 × 0.400 = 0.0352 చదరపు మీటర్లు. గుణకం = 52.0 ÷ (0.0352 × 39.5) = 37.4 వాట్లు, చదరపు మీటరుకు, కెల్విన్‌కు.

మెట్టు 6: సూత్రంతో పోలిక. 40 డిగ్రీల వద్ద గాలి స్నిగ్ధతను 0.0000192 పాస్కల్-సెకనులుగా, ఉష్ణ వాహకత్వాన్ని మీటరుకు, కెల్విన్‌కు 0.027 వాట్లుగా తీసుకుందాం. రెనాల్డ్స్ సంఖ్య = 4 × 0.00470 ÷ (3.1416 × 0.028 × 0.0000192) = సుమారు 11,100. ప్రవాహం సంక్షుబ్ధం. డిటస్–బోల్టర్ సంబంధం ప్రకారం నుస్సెల్ట్ సంఖ్య 34.6, దాని నుంచి వచ్చే గుణకం 33.4. మన ప్రయోగ విలువ దీని కంటే 12 శాతం ఎక్కువ.

7. ఏ ఉష్ణాన్ని లెక్కలోకి తీసుకోవాలి?

మెట్టు 5లో 60 వాట్లకు బదులు 52 వాట్లు ఎందుకు వాడాం? వోల్ట్‌మీటరు, అమ్మీటరు మంచివే, వాటి రీడింగుల్లో దోషం తక్కువే. అయితే అవి కొలిచేది హీటరుకు చేరిన విద్యుత్తు. మనకు కావలసింది గోడ నుంచి గాలికి చేరిన ఉష్ణం. 60 వాట్లతో గణిస్తే గుణకం 43.2 వస్తుంది. సూత్రం విలువ కంటే 29 శాతం ఎక్కువ! అక్కరలేని రాశిని ఎంత కచ్చితంగా కొలిచినా కావలసిన జవాబు రాదు.

నష్టం నిజంగా 8 వాట్లేనా అని తెలుసుకునే మార్గం ఒకటుంది. బ్లోయర్ ఆపి, గొట్టం రెండు చివరలనూ బంధకంతో మూసి, హీటరును బాగా తగ్గించండి. గోడ సగటు ఉష్ణోగ్రత తిరిగి 79 డిగ్రీల వద్ద నిలిచేలా వోల్టేజిని సరిచేయండి. ఇప్పుడు గాలి తీసుకుపోయేది లేదు కాబట్టి, ఆ ఉష్ణోగ్రతను నిలపడానికి హీటరు ఇచ్చేదంతా నష్టమే. ఆ సామర్థ్యం 8 వాట్ల దరిదాపుల్లో ఉంటే మీ ఉష్ణ లెక్క సరిపోయినట్లే. 15 వాట్లు ఉంటే గాలి ప్రవాహాన్నో, నిర్గమ ఉష్ణోగ్రతనో మళ్ళీ పరీక్షించాలి.

8. దోషాలు: ఏ రీడింగు బలహీనమైనది?

అన్ని రీడింగులకూ ఒకే ప్రాధాన్యం ఉండదు. మానోమీటరులో 100 మి.మీ.కు 1 మి.మీ. తప్పు చదివామనుకోండి. ప్రవాహ రేటు పీడన భేదం వర్గమూలానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి ఫలితంలో తేడా అర శాతమే. గోడ–గాలి భేదమైన 39.5 డిగ్రీలలో 1 డిగ్రీ తప్పు 2.5 శాతం తేడా తెస్తుంది. కాని గాలి ఉష్ణోగ్రత పెరుగుదల 11 డిగ్రీలే. ప్రవేశ, నిర్గమ ఉష్ణయుగ్మాల్లో ఒక్కొక్కటి అర డిగ్రీ చొప్పున ఎదురెదురు దిశల్లో తప్పితే, 1 డిగ్రీ తేడా 9 శాతం దోషమవుతుంది.

కాబట్టి ఈ ప్రయోగం మంచిచెడ్డలు ఆ రెండు ఉష్ణయుగ్మాల మీదే ఎక్కువగా ఆధారపడ్డాయి. హీటరు వేయకముందు బ్లోయర్ మాత్రమే నడిపి, రెండూ ఒకే ఉష్ణోగ్రత చూపుతున్నాయో లేదో చూడండి. తేడా ఉంటే రాసుకుని, తరువాతి రీడింగులకు ఆ మేరకు సవరణ చేయండి. ఈ చిన్న పనికి కొద్ది నిమిషాలు చాలు, కాని ఫలితాన్ని అన్నిటికంటే ఎక్కువగా మెరుగుపరిచేది ఇదే.

ఇప్పుడు 12 శాతం తేడాను చూద్దాం. దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. ఒకటి, పైన చెప్పిన కొలత దోషాలు. రెండు, గొట్టం పొడవు వ్యాసానికి 14 రెట్లే. గాలి ప్రవేశించే చోట గోడను అంటిన వేడి పొర ఇంకా పలుచగా ఉంటుంది, అక్కడ గుణకం ఎక్కువ. పొట్టి గొట్టంలో ఈ ప్రభావం సగటును పెంచుతుంది. గోడ మొదటి ఉష్ణయుగ్మం 74 డిగ్రీలే చూపడానికి ఇదీ ఒక కారణం. మూడు, సూత్రానికే ఉన్న 25 శాతం వరకు అనిశ్చితత్వం. అంటే మన ఫలితం సూత్రంతో పొసగినట్లే.

రికార్డు రాసేటప్పుడు చాలామందికి నిర్గమ ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ తగ్గించి రాస్తే జవాబు సూత్రానికి దగ్గరవుతుందనిపిస్తుంది. అలా చేస్తే గుణకం 33.5 దగ్గరికి వస్తుంది, నిజమే. కాని ఉష్ణ నష్టం 8 నుంచి 12.8 వాట్లకు పెరుగుతుంది, పై విభాగంలో చెప్పిన నష్ట పరీక్షతో పొంతన కుదరదు. అంతకంటే ముఖ్యంగా, పొట్టి గొట్టం చెబుతున్న నిజం రికార్డులోంచి మాయమవుతుంది. చదివిన రీడింగును చదివినట్లే రాసి, తేడాకు కారణం వివరించండి.

9. ఘాతాన్ని పరీక్షించడం

సూత్రం ప్రకారం గుణకం ప్రవాహ రేటుకు 0.8 ఘాతంగా పెరగాలి. ప్రవాహం రెట్టింపైతే గుణకం 1.74 రెట్లవుతుంది. అయితే ప్రవాహాన్ని రెట్టింపు చేయాలంటే మానోమీటరు భేదం నాలుగు రెట్లు కావాలి.

దీన్ని పరీక్షించడానికి రెనాల్డ్స్, నుస్సెల్ట్ సంఖ్యల సంవర్గమానాలతో గ్రాఫు గీయండి. బిందువుల గుండా పోయే సరళరేఖ వాలే ఘాతం. ఈ పరికరంలో రెనాల్డ్స్ సంఖ్య 10,000 దాటాలంటే మానోమీటరు భేదం సుమారు 81 మి.మీ. కంటే ఎక్కువ ఉండాలి. అంతకంటే తక్కువ రీడింగులు సంధి దశకు చెందుతాయి, వాటిని గ్రాఫులో వేరే గుర్తుతో చూపండి. 85 నుంచి 160 మి.మీ. వరకు మాత్రమే మార్చగలిగితే ప్రవాహం 1.37 రెట్లే పెరుగుతుంది. అంత చిన్న పరిధిలో వాలు కచ్చితంగా తేలదు. కాబట్టి బ్లోయర్ అనుమతించినంత విశాలమైన పరిధిని ఎంచుకోండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

3. గాలి ప్రవాహం సెకనుకు 0.0060 కి.గ్రా., ప్రవేశ ఉష్ణోగ్రత 33, నిర్గమ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు, హీటరు సామర్థ్యం 55 వాట్లు. గాలి తీసుకున్న ఉష్ణం ఎంత? నష్టం ఎంత శాతం?
4. మానోమీటరు భేదం 40 నుంచి 160 మి.మీ.కు పెరిగితే ప్రవాహ రేటు ఎన్ని రెట్లవుతుంది?

10. సారాంశం

బాహ్య సాధనం ప్రవాహిని కదిలించినప్పుడు జరిగేది బలాత్కృత సంవహనం. దాని బలాన్ని ఉష్ణ బదిలీ గుణకం తెలుపుతుంది. గాలి తీసుకున్న ఉష్ణం, గొట్టం లోపలి వైశాల్యం, గోడకూ గాలికీ మధ్య సగటు ఉష్ణోగ్రతా భేదం కొలిచి ఈ గుణకాన్ని కనుక్కుంటాం. హీటరు సామర్థ్యానికీ గాలి తీసుకున్న ఉష్ణానికీ గల తేడా నష్టాన్ని తెలుపుతుంది, దాన్ని విడిగా పరీక్షించవచ్చు. గాలి ఉష్ణోగ్రత పెరుగుదల చిన్నది కాబట్టి అక్కడి దోషమే ఫలితాన్ని ఎక్కువగా ప్రభావితం చేస్తుంది. సూత్రంతో వచ్చే తేడాను కొలత దోషం, గొట్టం పొడవు, సూత్రం పరిమితి అనే మూడు కోణాల్లో పరిశీలించాలి.

11. సమాధానాలు

1. సహజ సంవహనం వల్ల, దానితోపాటు వికిరణం వల్ల.
2. గాలి అదే అయినా ప్రవాహ వేగం, గొట్టం కొలతలు మారితే గుణకం మారుతుంది.
3. 0.0060 × 1005 × 8 = 48.2 వాట్లు. నష్టం 6.8 వాట్లు, దాదాపు 12 శాతం.
4. రెండు రెట్లు.

12. మాదిరి పరీక్షా ప్రశ్నలు

1. గొట్టంలో ప్రవహించే గాలికి ఉష్ణ బదిలీ గుణకాన్ని కనుక్కునే ప్రయోగాన్ని వర్ణించండి.
2. హీటరు సామర్థ్యాన్ని నేరుగా గణనలో వాడితే కలిగే దోషాన్ని ఉదాహరణతో వివరించండి.
3. ప్రయోగ విలువ డిటస్–బోల్టర్ విలువ కంటే ఎక్కువ రావడానికి గల కారణాలను చర్చించండి.